రెండు కళ్లకి రెండు గ్రనాడాలు

భూగర్భ జలాల సర్వేలో పనిచేసినవాళ్లకి స్టీరియోస్కోప్ అంటే బొమ్మలు చూసి మురిసిపోయే వస్తువు కాదు, పనిముట్టు. విమానంలోంచి తీసిన ఫొటోలు రెండు పక్కపక్కన పరిచి, మడత కాళ్లున్న ఆ చిన్న కటకాల జతని వాటి మీద నిలబెట్టి చూస్తే నేల పైకి లేస్తుంది. వాగు ఎక్కడ వంపు తిరిగిందో, గ్రానైట్‌లో పగులు ఎటు పోయిందో, డైకు, అంటే నేలలో గోడలా చొచ్చుకొచ్చిన రాయి, ఎక్కడ అడ్డం పడిందో అలాగే గీసుకునేవాళ్లం. ఆ తర్వాతే బోరు పాయింట్ల మాట. శాటిలైట్ బొమ్మలు వచ్చాక కటకాలు బీరువాల్లోకి పోయాయి. నాది నేను సొంత డబ్బుతో కొనుక్కున్నది, అందుకని రిటైరయ్యాక నాతోపాటే హైదరాబాద్ ఇంటికి వచ్చింది.

దాన్ని మళ్లీ బయటికి తీయించింది స్పెయిన్‌లోని గ్రనాడా. చెప్తే నవ్వుతారేమో, నాకు మొదట ఆసక్తి పుట్టింది అల్హంబ్రా కోట మీద కాదు, అది కూర్చున్న కొండ మీద. సబీకా అనే ఆ కొండంతా గులకరాళ్లు, ఇసుక, ఎర్రమన్ను కలిసి గట్టిపడిన కాంగ్లోమరేట్. జియాలజీలో దాని పేరే అల్హంబ్రా ఫార్మేషన్. కొండకి ఉత్తరాన డారో నది పారుతుంది. నది ఒడ్డున శాన్ పెద్రో చర్చి, దానికి ఎదురుగా కొండ నిట్టనిలువుగా తెగిపోయిన చరియ. తాహో దె శాన్ పెద్రో అంటారు. ఎత్తు 65 మీటర్ల దాకా ఉంటుంది. పైన కోటగోడ. వానకి తడిసి, ఎండకి ఎండి, అప్పుడప్పుడూ భూకంపానికి కదిలి ఆ చరియ అంచు గోడ వైపు జరుగుతూ వస్తోంది. దీని గురించి చదువుతుంటే నాకో సందేహం వచ్చింది. నూట యాభై ఏళ్ల కింద ఈ అంచు ఎలా ఉండేది?

పాత ఫొటోలకి కొదవ లేదు. కానీ మామూలు ఫొటోలో చరియ, దాని ముందున్న చెట్లు, పైనున్న గోడ అన్నీ ఒకే కాగితానికి అతుక్కుపోయి కనిపిస్తాయి. అంచుకీ గోడకీ మధ్య ఖాళీ ఉందా, ఉంటే ఎంత అన్నది తేలదు. అలా వెతుకుతున్నప్పుడు స్టీరియో కార్డులు ఎదురయ్యాయి. దళసరి అట్ట మీద ఒకేలాంటి ఫొటోలు రెండు పక్కపక్కన అతికించి ఉంటాయి. అట్ట కొలత మామూలుగా మూడున్నర అంగుళాలు బై ఏడు. ఒక బొమ్మ ఎడమ కంటికి, ఒకటి కుడి కంటికి. మేం విమానం ఫొటోలతో చేసిన పనే వీళ్లు వీధుల్లో నిలబడి చేశారు.

అసలు ఈ సంగతి ఫొటోగ్రఫీ కంటే ముందుది. 1838లో చార్లెస్ వీట్‌స్టన్ లండన్‌లో రెండు అద్దాల స్టీరియోస్కోప్ గురించి వివరించేనాటికి కెమెరా సంగతి లోకానికి ఇంకా తెలీదు. ఆయన చూపించింది చేత్తో గీసిన గీతల బొమ్మలు. 1849లో డేవిడ్ బ్రూస్టర్ కటకాలతో చిన్న పెట్టె తయారుచేయించాడు. 1851లో లండన్ ఎగ్జిబిషన్‌లో దాన్ని విక్టోరియా రాణి చూసి ముచ్చటపడటంతో ఇంటింటికీ కావాల్సి వచ్చింది. 1861లో అమెరికాలో ఆలివర్ వెండెల్ హోమ్స్ అనే డాక్టరు చేత్తో పట్టుకునే చవక రకం ఒకటి తయారుచేసి, పేటెంట్ కూడా తీసుకోకుండా వదిలేశాడు. దాంతో ఎవరికి వాళ్లు చేసి అమ్ముకున్నారు.

కార్డులు దొరకడం కష్టం కాలేదు. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్, న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ, ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్‌మ్యూజియం, లాస్ ఏంజెలిస్‌లోని గెట్టీ, మాడ్రిడ్‌లోని స్పెయిన్ జాతీయ లైబ్రరీ, అందరూ తమ దగ్గరున్న పాత కార్డులు స్కాన్ చేసి ఉచితంగా పెట్టారు. గ్రనాడా అని కొడితే మాత్రం నికరాగువాలోని గ్రనాడా కూడా వచ్చి పడుతుంది. పడవలు, కొబ్బరిచెట్లు కనిపిస్తే అది మనది కాదని పక్కన పెట్టేయడమే. ఇంగ్లీషులో కంటే ఫ్రెంచిలోనూ స్పానిష్‌లోనూ వెతికితే ఎక్కువ దొరికాయి. 1850ల్లో, 60ల్లో స్పెయిన్ కార్డులు అమ్మినవాళ్లలో ఫ్రెంచివాళ్లే ఎక్కువ మరి. ఫెరియే, సూలియే అనే జంట గాజు పలకల మీద అచ్చులు వేసింది. ఎర్నెస్ట్ లామీ కాగితం మీద వేశాడు. జె. లోరాన్ అనే ఇంకో ఫ్రెంచివాడు మాడ్రిడ్‌లోనే స్థిరపడి దేశమంతా ఫొటోలు తీశాడు.

ఫైళ్లు ఫోన్లో చూస్తే ఏమీ తెలీదు. అచ్చు వేయించాలి. అక్కడే చిన్న లెక్క ఉంది. కార్డులో ఎడమ బొమ్మలోని ఒక స్తంభానికీ కుడి బొమ్మలోని అదే స్తంభానికీ మధ్య దూరం ఏడున్నర, ఎనిమిది సెంటీమీటర్లు ఉంటుంది. మన కళ్ల మధ్య దూరం ఆరున్నరకి అటూ ఇటూ. నా సర్వే కటకాలు మామూలువి, వాటి కింద అంత దూరం పెడితే కళ్లు బయటికి విచ్చుకోవాలి, అది కళ్ల వల్ల కాదు. హోమ్స్ పరికరంలో కటకాలు అంచు వైపు కోసినవి. అవి చూపుని కొంచెం వంచుతాయి, అందుకే పెద్ద కార్డులు అందులో కలుస్తాయి. నేను కార్డుని కుదించి, రెండు స్తంభాల మధ్య దూరం ఆరు సెంటీమీటర్లు వచ్చేలా సైజు పెట్టి, పెన్‌డ్రైవ్ తీసుకుని మా వీధి చివరి స్టూడియోకి వెళ్లాను.

అక్కడి కుర్రాడు స్క్రీన్ వైపు చూసి, "అంకుల్, ఒకే ఫొటో రెండుసార్లు పడింది. ఒకటి తీసేసి పెద్దది చేసిస్తా, నీట్‌గా ఉంటది" అన్నాడు.

"వద్దు బాబూ, రెండూ ఉండాలి. సైజు కూడా మార్చకు."

"పాస్‌పోర్ట్‌కా?"

కాదన్నాను. మ్యాట్ కాగితం వద్దని, గ్లాసీ మీదే వేయమని చెప్పాను. మ్యాట్ మీద నూగు కటకం కింద ఇసుకలా పైకొచ్చి కళ్లకి అడ్డం పడుతుంది. అచ్చులు తీసుకునేటప్పుడు ఒకటి అతనికీ చూపించాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత చెయ్యి కటకం కిందికి పెట్టి స్తంభాన్ని ముట్టుకోబోయాడు.

ఆ అచ్చు సింహాల ప్రాంగణానిది. పద్నాలుగో శతాబ్దంలో గ్రనాడా సుల్తాను ఐదో ముహమ్మద్ కట్టించిన భాగం. మధ్యలో 12 సింహాలు మోసే నీళ్ల పళ్లెం, చుట్టూ 124 పాలరాతి స్తంభాలు. మామూలు ఫొటోలో ఆ స్తంభాలు ఒకదాని మీద ఒకటి పడి లెక్క తెగవు. రెండు బొమ్మలూ కలిసిన క్షణంలో అవి విడిపోయాయి. ఏది ఒంటి స్తంభమో, ఏది జంటో, మూలల్లో ఎక్కడ మూడేసి చేరాయో విడివిడిగా తెలిసిపోయింది. ప్రాంగణంలోకి పొడుచుకొచ్చిన మంటపం నిజంగానే ముందుకొచ్చి నిలబడింది. కమానుల మీది గచ్చు పనిలో తవ్వినచోట నీడ, ఉబ్బినచోట వెలుగు. చార్మినార్ గచ్చుపనిని ఎంత దగ్గరగా చూసినా ఆ పొరల లోతు నాకెప్పుడూ ఇంత స్పష్టంగా తెలీలేదు. అక్కడ మెడ ఎత్తి చూడాలి, ఇక్కడ అచ్చు మన చేతిలో ఉంటుంది. సింహాల పళ్లెం మీద ఇంకో చిన్న పళ్లెం ఉంది. తర్వాతి కాలంలో చేర్చిన ఆ రెండో పళ్లేన్ని ఇరవయ్యో శతాబ్దంలో తీసేశారు. కింద నేల మట్టి, గులకరాళ్లు. ఇప్పుడు వెళ్లినవాళ్లకి కనిపించే తెల్ల పాలరాతి పరుపు 2012లో వచ్చింది.

ఇక్కడే నా దారి కొండ నుంచి కోటలోకి మళ్లింది. చాలా కార్డుల మీద తేదీ ఉండదు. లైబ్రరీలు కూడా 1860 నుంచి 1880 మధ్య అని ఒక అంచనా రాసి ఊరుకుంటాయి. తేదీ తెలియని ఫొటోతో చరియ అంచు ఎప్పుడు ఎక్కడుందో చెప్పలేం కదా. కాబట్టి ముందు తేదీలు పట్టుకోవాలి.

సింహాల ప్రాంగణం అందుకు మంచి గడియారం. ప్రాంగణం పొడవు తూర్పు పడమరలుగా ఉంటుంది. రెండు కొసల్లోనూ ఒక్కో మంటపం. 1859లో రఫాయెల్ కొంత్రేరాస్ మరమ్మతు పేరుతో తూర్పు మంటపం మీద రంగు పెంకుల గుమ్మటం ఒకటి ఎక్కించాడు. తూర్పు దేశపు కట్టడం అంటే గుమ్మటం ఉండి తీరాలని ఆ రోజుల్లో యూరప్ నమ్మకం. గ్రనాడా సుల్తానులు అక్కడ అలాంటిది కట్టలేదు. 1934లో కోట సంరక్షణ చూసే ఆర్కిటెక్ట్ లియోపోల్దో తోర్రెస్ బల్బాస్ దాన్ని దింపించి మామూలు ఏటవాలు పెంకుల కప్పు వేయించాడు. పెద్ద గొడవే జరిగింది. మూడు తరాలు ఆ గుమ్మటాన్నే చూసి పెరిగారు మరి, వాళ్లకి అదే అసలుది. నన్నడిగితే బల్బాస్ చేసిందే న్యాయం. కానీ ఆ గుమ్మటం ఉన్న 75 ఏళ్లూ స్టీరియో కార్డుల కాలంతో దాదాపు సరిగ్గా కలిసిపోయాయి, మనకది అదృష్టం.

గుమ్మటం ఉంటే పెద్దగా ఏమీ తేలదు, కార్డుల్లో ఎక్కువ భాగం ఆ కాలానివే. లేకపోతేనే ఆసక్తి. తూర్పు వైపు చూస్తూ తీసిన ఫొటోలో గుమ్మటం లేదంటే అది 1859కి ముందుది, లేదా 1934 తర్వాతది. అట్ట చూస్తే ఏదో చెప్పొచ్చు. పల్చటి, చదునైన, మూలలు కోసుగా ఉన్న అట్ట తొలినాళ్లది. గుండ్రటి మూలలు 1860ల చివర్లో వచ్చాయి. వంపు తిరిగిన దళసరి అట్టలు 1870ల చివర్నుంచి మొదలయ్యాయి.

కానీ రెండు మంటపాలూ ఒకేలా ఉంటాయి. ఫొటో తూర్పుకి తీసిందో పడమరకి తీసిందో ఎలా తెలియాలి? నీడని బట్టి. గ్రనాడాలో సూర్యుడు దక్షిణం మీదుగా పోతాడు. తూర్పుకి తిరిగి నిలబడితే దక్షిణం కుడిచేతి వైపు ఉంటుంది. ఆ వరండా ముఖం ఉత్తరానికి ఉంటుంది కాబట్టి నీడలో పడుతుంది, ఎడమ వరండా ఎండలో మెరుస్తుంది. పడమరకి తిరిగితే తారుమారు. ఫీల్డులో దిక్సూచి లేనప్పుడు మేం చేసుకునే లెక్కే ఇది.

ఈ పద్ధతితో కార్డులు రెండు కుప్పలుగా వేరు చేస్తూ పోతుంటే ఒక గాజు పలక స్కాను అడ్డం తిరిగింది. నీడ ప్రకారం అది పడమర వైపు చూస్తున్న ఫొటో. కానీ మంటపం మీద గుమ్మటం ఉంది. మామూలు కంటికి వెనక హాలు కప్పుకీ దానికీ తేడా తెలీడం లేదు గానీ, స్టీరియోలో గుమ్మటం స్పష్టంగా ముందుకొచ్చి మంటపం మీదే కూర్చుంది. పడమర మంటపం మీద ఆ గుమ్మటం ఉండకూడదు. అంటే బొమ్మ అద్దంలో పడినట్టు తిరగబడి ఉండాలి. గాజు పలకని మందుపూత లేని వైపు నుంచి స్కాన్ చేస్తే అలా జరుగుతుంది.

లోతు చూసి దీన్ని పట్టలేం. ఎందుకంటే జతని మొత్తంగా పక్కకి తిప్పితే ఎడమ బొమ్మ కుడికీ, కుడిది ఎడమకీ వెళ్తాయి, రెండూ అద్దంలో లాగా తిరుగుతాయి. ఈ రెండు మార్పులూ ఒకదానికొకటి సరిపోయి లోతు చక్కగానే కనిపిస్తుంది. కళ్లకి ఏ అనుమానమూ రాదు. తేల్చగలిగింది గోడ మీది రాత ఒక్కటే.

మా పై అంతస్తులో ఉండే ఆపా ఉర్దూ టీచరుగా చేసి రిటైరయ్యారు. లాప్‌టాప్ తీసుకెళ్లి కమాను పైనున్న పట్టీని పెద్దది చేసి చూపించాను. కళ్లద్దాలు సవరించుకుని చూశారు.

"ఏంది భాయ్ ఇది, ఉల్టా పెట్టినవ్" అన్నారు వెంటనే.

తిప్పి చూపించాను. ఈసారి వేలితో తెర మీద కుడి నుంచి ఎడమకి జరుపుతూ చదివారు. "వ లా గాలిబ ఇల్లల్లాహ్." అల్లా తప్ప విజేత లేడు. గ్రనాడా నస్రిద్ సుల్తానుల వంశ వాక్యం అది. కోటలో ఏ గోడ చూసినా అదే. "ఎన్నిసార్లు రాసిండ్రు వీళ్లు!" అని ఆపా ఆ పట్టీ పొడుగునా చదువుకుంటూ పోయారు. తర్వాత మిగతా గాజు పలకల స్కాన్లన్నీ ఆవిడ ముందు పెట్టాను. తిరగబడినవి ఇంకా కొన్ని బయటపడ్డాయి. ఒక చోట అక్షరాలు నాకు సరిగ్గానే ఉన్నట్టు అనిపించినా, "గైన్ మీద చుక్క ఇటు రావాలె" అని ఆవిడ ఒప్పుకోలేదు. ఆవిడదే సరైంది. టీ తాగి వచ్చేశాను. ఇప్పుడు కొత్త కార్డు ఏది దొరికినా ముందు రాత, తర్వాత నీడ, ఆ తర్వాత గుమ్మటం, చివరికి అట్ట. ఈ వరస తప్పితే తేదీ తప్పుతుంది.

తిరగబడటంలో ఇంకో రకం ఉంది, దాన్ని మాత్రం కళ్లే పట్టేస్తాయి. రెండు కటకాల కెమెరాతో తీసిన నెగెటివ్‌ని అలాగే అచ్చు వేస్తే ఎడమది కుడి పక్కకి వస్తుంది. అచ్చుని మధ్యకి కోసి, రెండు ముక్కలూ చోటు మార్చి అతికించాలి. ఆ రోజుల్లో కార్డులు చేసే గదుల్లో ఇదే పనిగా కూర్చునేవాళ్లు ఉండేవాళ్లు. ఎవరైనా మార్చడం మరిచిపోతే ఆకాశం ముందుకొచ్చి, గోపురం దానిలోంచి తవ్వినట్టు లోపలికి పోతుంది. అలాంటిదొకటి చూశాను. కాసేపటికి తల తిరిగింది. స్టీరియోఫొటో మేకర్ అని ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ ఉంది. అందులో ఎడమ కుడి మార్చడం ఒక్క నొక్కు పని. బొమ్మలు ఎత్తుపల్లాలుగా అతికించి ఉంటే వాటిని సరిచేయడం కూడా అందులోనే. చాలా పాత కార్డుల్లో ఒక బొమ్మ ఇంకోదానికంటే మిల్లీమీటరు కిందికి ఉంటుంది, ఎక్కువసేపు చూస్తే తలనొప్పి అందుకే వస్తుంది.

1900 తర్వాతి కార్డుల్లో అమెరికా కంపెనీల రాజ్యం. అండర్‌వుడ్ అండ్ అండర్‌వుడ్ అని అన్నదమ్ముల కంపెనీ. కార్డు అంచున న్యూయార్క్, లండన్‌తోపాటు ఒట్టావా అని ఉంటే కెనడా అనుకుంటాం, కాదు, అది కాన్సస్ రాష్ట్రంలోని చిన్న ఊరు, వాళ్ల వ్యాపారం మొదలైన చోటు. కార్డు వెనక బొమ్మ పేరు ఆరు భాషల్లో ఉంటుంది. కాలేజీ కుర్రాళ్లని సెలవుల్లో ఇంటింటికీ పంపి అమ్మించేవాళ్లు. కార్డుల కట్టని పుస్తకంలా కనిపించే పెట్టెలో పెట్టి, దాంతోపాటు మ్యాపులు కూడా ఇచ్చేవాళ్లు. మ్యాపు మీద ఎర్ర గీతలు రెండు కోణంగా చీలి ఉంటాయి. కోణం మొన దగ్గర కెమెరా నిలబడింది, రెండు గీతల మధ్య ఉన్నది ఫొటోలో పడింది. సర్వేవాణ్ణి కాబట్టి నాకు బొమ్మల కంటే ఆ మ్యాపులే ఎక్కువ నచ్చాయని ఒప్పుకోవాలి. తర్వాత 1920 ప్రాంతంలో వాళ్ల స్టీరియో నెగెటివులు కీస్టోన్ వ్యూ కంపెనీ చేతికి పోయాయి. అందుకని పాత ఫొటోయే కొత్త పేరుతో, కొత్త అట్ట మీద మళ్లీ కనిపిస్తుంది. అట్ట వయసు వేరు, ఫొటో వయసు వేరు. రెండు కంపెనీల కార్డుల్లో గోడ మీది అదే మరక, గుమ్మం దగ్గర అదే మనిషి అదే కాలు ముందుకేసి కనిపిస్తే నెగెటివ్ ఒకటేనన్నమాట.

మనుషుల్లో ఒకాయన మాత్రం కోట చుట్టుపక్కల తీసిన ఫొటోల్లో తరచూ తగులుతాడు. కోసు టోపీ, పొట్టి కోటు, నడుముకి గుడ్డ, చేతిలో కర్ర. మరియానో ఫెర్నాందెస్, ఊళ్లో పిలుపు చోర్రోహూమో. కమ్మరి పని చేసుకునే జిప్సీ. ఫోర్తూనీ అనే చిత్రకారుడు 1870ల మొదట్లో గ్రనాడాలో ఉన్నప్పుడు ఆయన్ని మోడల్‌గా నిలబెట్టాడు. ఆ తర్వాత కమ్మరి పని మానేసి, ఆ వేషంలోనే కోట దగ్గర తిరుగుతూ, తనని తాను జిప్సీల రాజునని చెప్పుకుంటూ, యాత్రికులతో ఫొటోలు దిగుతూ, తన ఫొటోలే అమ్ముకుంటూ బతికాడు. 1906లో పోయాడు. ఆయన ఉన్న నెగెటివ్ అయితే అంతకు ముందుదే, అట్ట మీద ఎవరి పేరున్నా సరే. నాకు ఆయనొక తేదీ ముద్ర. ఈ మాట వింటే నా దగ్గర డబ్బులు అడిగేవాడేమో.

కొన్ని కార్డులు తేదీకి ఏమాత్రం పనికిరావు, అయినా పక్కన పెట్టలేను. ఆరాయానెస్ ప్రాంగణంలో పొడుగాటి నీళ్ల తొట్టి, దాని కొసన 45 మీటర్ల కోమారెస్ బురుజు. నీళ్లలో బురుజు నీడ. మామూలు ఫొటోలో ఆ నీడ నీటి మీద పరిచిన బొమ్మ. స్టీరియోలో అది నీటి మీద ఉండదు. బురుజు పైకి ఎంత ఎత్తు ఉందో, నీటి కింద అంత లోతుకి దిగిపోయి ఉంటుంది. నీటి ఉపరితలం ఎక్కడుందో చెప్పేది దాని మీద తేలే ఆకులు మాత్రమే. బావిలోకి వంగినప్పుడు కలిగే భయం ఆ కార్డు చూస్తే కలిగింది. మా మనవరాలికి చూపిస్తే వెనక్కి జరిగింది.

అసలు కార్డు ఒకటి చేతిలో పట్టుకోవాలనిపించి విదేశాల్లోని ఒక అమ్మకందారు దగ్గర తెప్పించాను. ధర తక్కువే, పోస్టేజీ, కస్టమ్స్ కలిపి దానికి మించాయి. వంపు అట్ట, వెనక గ్రనాడా గురించి చిన్న అక్షరాల్లో ఒక పేరా. స్కానులో దొరకని వివరం అందులో ఏమీ లేదు. వాసన మాత్రం ఉంది, పాత రిజిస్టర్ల వాసన.

ఇక చరియ సంగతి. నదికి అవతల అల్బైసిన్ కొండ ఉంది. అక్కణ్ణుంచి కోటంతా ఒక్క చూపులో పడుతుంది, వెనక మంచుతో సియెర్రా నెవాదా కొండలు. ఫొటోగ్రాఫర్లందరూ ఎక్కిన చోటే. తేదీలు తేల్చుకున్న కార్డులతో అక్కడికి వచ్చేసరికి లోతు మాయమైంది. ముందున్న ఇళ్ల పెంకులు విడివిడిగా నిలబడ్డాయి గానీ కోట, చరియ, మంచుకొండలు అన్నీ కలిసి నాటకంలో వెనక కట్టిన తెరలా చదునుగా ఉండిపోయాయి. కారణం తెలిసిందే. కెమెరా కటకాల మధ్య దూరం ఏడెనిమిది సెంటీమీటర్లు. ఎదుటి కొండ దాదాపు అర కిలోమీటరు. అంత దూరంలో ఉన్నదాన్ని రెండు కళ్లూ ఒకేలా చూస్తాయి. లోతు బాగా తేలాలంటే, దూరంలో ముప్పయ్యో వంతు ఎడంగా రెండు ఫొటోలు ఉండాలని మోటు లెక్క. అంటే పదిహేను మీటర్లకు పైనే. విమానం ఫొటోల్లో కొండలు అంత ఎత్తుగా లేవడానికి కారణం కూడా అదే, అక్కడ రెండు ఫొటోల మధ్య విమానం వందల మీటర్లు పోయి ఉంటుంది.

అయితే ఫొటోగ్రాఫరు ఒక చోట ఒకటే తీసి దిగిపోడు. ఒకే సిరీస్‌లో అల్బైసిన్ నుంచి తీసిన కార్డులు రెండు దొరికాయి. ఒకదానిలో ముందు ఒక తోట గోడ, రెండోదానిలో అదే గోడ కొస పక్కకి జరిగి ఉంది. అంటే కొంచెం పక్కకి నడిచి ఇంకోటి తీశాడు. నీడలు చూస్తే మధ్యలో పెద్దగా పొద్దు గడవలేదు. మొదటి కార్డులోంచి ఒక బొమ్మ, రెండో దాన్లోంచి ఒక బొమ్మ తీసి జత కట్టాను. ఆయన ఎన్నడూ అనుకోని జత. సాఫ్ట్‌వేర్‌లో ఒకదాన్ని కాస్త తిప్పి, కాస్త కుదించి, కోటగోడ మీది బురుజుల్ని ఒక వరసలోకి తెచ్చాను. ముందున్న ఇళ్లు మరీ విడిపోయి కళ్లని లాగేస్తుంటే కింది సగం కోసిపారేశాను. ఆరు సెంటీమీటర్ల లెక్కతో మళ్లీ అచ్చు. ఈసారి స్టూడియో కుర్రాడు ఏమీ అడగలేదు.

కటకం కింద మొదట రెండు బొమ్మలూ జారుతూనే ఉన్నాయి. ఒక బురుజు మీద చూపు నిలిపి ఊరుకుంటే మెల్లగా అతుక్కున్నాయి. బురుజులు గోడలోంచి ముందుకొచ్చాయి. గోడ కింద వాలు, వాలు కింద ఒక మెట్టులా చదును, ఆ చదును చివర నేల తెగిపోయింది. తెగినచోట కొండ లోపలికి గుల్లగా పోయి ఉంది. నది ఒడ్డు చెట్లు దానికి చాలా ముందు నిలబడ్డాయి. ఇన్నాళ్లూ చరియని కప్పేస్తున్నాయనుకున్న చెట్లే అవి. అంచుకీ గోడకీ మధ్య ఖాళీ ఉందని కళ్లారా కనిపించింది. మీటర్లలో ఎంతో ఈ జతతో చెప్పలేం, కెమెరా ఎంత పక్కకి జరిగిందో తెలిస్తేనే అది సాధ్యం. ఆ తోట గోడ ఇప్పటికీ ఉంటే, దాని పొడవు శాటిలైట్ బొమ్మలో కొలిస్తే లెక్క కట్టొచ్చు. ఆ పని మీదే ఉన్నాను.

నాతో సర్వేలో చేసిన మిత్రుడు మొన్న ఇంటికొస్తే ఈ అచ్చు ముందు పెట్టాను. కళ్లు ఆనించి చాలాసేపు చూశాడు.

"చరియ సరే గురూ, అంత ఎత్తు మీద ఫౌంటెన్లు, తొట్లు, తోటలూనూ. నీళ్లెక్కడివి?"

మావాళ్లు ఎక్కడికెళ్లినా అడిగే ప్రశ్న అదే. పంపుల్లేవు. డారో నదికి ఎగువన, ఆరు కిలోమీటర్ల దూరంలో ఆనకట్ట కట్టి, పదమూడో శతాబ్దంలో కాలువ ఒకటి తవ్వారు. అసేకియా రెయాల్ అంటారు. వాలు వెంట వంపులు తిరుగుతూ హెనెరలీఫే తోటల మీదుగా కోటలోకి వస్తుంది. అంతా వాటం మీదే.

"అయితే కొండ మీద గీతలా కనిపించాలే" అని మళ్లీ కళ్లు ఆనించాడు. కనిపించలేదు, ఆ జతలో కొండ అంతదాకా పడలేదు. నది ఎగువకి, సాక్రోమోంటే వైపు నిలబడి తీసిన కార్డులైతే చిక్కవచ్చు. అవే ఇప్పుడు వెతుకుతున్నాం ఇద్దరం. దొరికినవాటిలో చాలావరకు గుహల గుమ్మాల ముందు నాట్యం చేస్తున్న జిప్సీలవి. వాళ్ల వెనక కొండ వాలు ఎంత పడితే అంత కోసి పక్కన పెడుతున్నాడు మావాడు.